ప్లాస్టిక్‌దా, రెడీమేడా, బాల్సా కిట్టా: 15,000లో మొదటి రిమోట్ విమానం

ప్రశ్న: నమస్తే అన్నా. మేము బెంగళూరులో వైట్‌ఫీల్డ్ దగ్గర ఉంటాం, సొంతూరు హిందూపురం పక్కన పల్లె. మావాడు ఎనిమిదో క్లాసు. యలహంకలో ఏరో ఇండియా ఎయిర్‌షో చూపించినప్పట్నుంచి రిమోట్ విమానం కావాలని ఒకటే పోరు. ఆన్‌లైన్‌లో 2,500కి ప్లాస్టిక్‌ది కనిపిస్తోంది. హాబీ షాపులో రెడీమేడ్‌ది 22,000 చెప్పారు. ఆఫీసులో సీనియర్ ఒకాయన తన దగ్గర ఎప్పటిదో బాల్సా కిట్, అంటే తేలికపాటి చెక్కతో మనమే కట్టుకునేది ఉంది, ఊరికే తీసుకెళ్ళు అంటున్నారు. నా బడ్జెట్ 15,000. మే సెలవులకి ఊరెళ్తాం, అక్కడ నాయన పొలం ఖాళీగానే ఉంటుంది. ఏది తీసుకోమంటారు? చిన్నపాపకి ఆరేళ్ళు, అన్నకి కొంటే తనకీ కావాలంటుంది, అదొకటి.

సమాధానం: అన్నా, ధరలు కాసేపు పక్కన పెట్టి ముందు ఒక్క సంగతి ఆలోచించండి. మొదటిసారి అది నేలకి కొట్టుకున్న రోజు సాయంత్రం దాన్ని బాగుచేసేది ఎవరు, దేంతో బాగుచేస్తారు? కొట్టుకోవడం మాత్రం ఖాయం, అందులో మీవాడి తప్పేం ఉండదు, నేర్చుకునే ప్రతి ఒక్కరి విమానమూ కొట్టుకుంటుంది, చెట్టెక్కుతుంది, రెక్క విరుగుతుంది. కాబట్టి ఇంట్లో కూర్చుని, స్టేషనరీ షాపులో దొరికే సామానుతో, ఒక పూటలో మళ్ళీ నిలబెట్టగలిగిందే మొదటి విమానం కావాలి. ఈ లెక్కన మీరు చెప్పిన మూడింటిలో ఏదీ నేను చెప్పను. నాలుగోది ఉంది, ఫోమ్ బోర్డుతో మీరూ వాడూ కలిసి కోసి అతికించుకునేది. దాని దగ్గరికి వస్తాను, కానీ ముందు ఆ మూడూ ఎందుకు వద్దంటున్నానో చెప్తా, లేకపోతే షాపులో నిలబడ్డప్పుడు మీకే మళ్ళీ డౌట్ వస్తుంది.

2,500ది చూడండి. ఈ రేటులో వచ్చేవాటిలో చాలావాటికి రెక్కల మీద రెండు చిన్న మోటార్లు ఉంటాయి, అంతే, తోకలో కదిలే భాగం ఏదీ ఉండదు. ఎడమకి తిరగాలంటే కుడి మోటార్ స్పీడు పెంచుతుంది, కుడికి తిరగాలంటే ఎడమది, పైకి పోవాలంటే రెండూ పెంచుతుంది. వినడానికి బాగానే ఉంటుంది కానీ దిగేటప్పుడు ఏమవుతుందో చూడండి, కిందికి దించుదామని మోటార్లు ఆపేస్తే వాటితోపాటే స్టీరింగ్ కూడా పోతుంది, ఇక అది ఎటు పోతే అటే. బరువు కూడా మరీ తక్కువ కాబట్టి కొంచెం గాలి వీచినా దాని సొంత స్పీడు గాలి స్పీడు ముందు చాలదు, ముక్కు మీవైపే ఉంటుంది కానీ విమానం మాత్రం వెనక్కి వెనక్కి జరుగుతూ పక్కింటి మేడ మీదికో చెరువులోకో పోతుంది. పిల్లాడు ఎంత బాగా నడిపినా అది రాదు, వాడేమో తనకే చేతకాలేదు అనుకుంటాడు. నాకు వీటి మీద కోపం ఎక్కడంటే ఇక్కడే. డబ్బు పోతే పోయింది, ఇష్టంగా వచ్చిన పిల్లాడు మూన్నాళ్ళ ముచ్చటగా వదిలేసి మళ్ళీ ఫోన్ పట్టుకుంటాడు. పైగా ఎక్కువవాటిలో బ్యాటరీ లోపలే సోల్డర్ చేసి ఉంటుంది, ప్రొపెల్లర్ విరిగితే అదే సైజుది దొరకదు, ఆ రిమోట్ ఇంకే విమానానికీ పనికిరాదు. ఇందులో నేర్చుకున్నది కూడా పెద్ద విమానానికి ఉపయోగపడదు, ఎందుకంటే తోకలో కదిలే ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పేది), రడ్డర్ (ముక్కుని పక్కలకి తిప్పేది) అనేవే ఇందులో లేవు.

22,000ది మంచి వస్తువే, అందులో సందేహం లేదు. రెక్క పైన ఉండే ట్రైనర్ మోడల్ అయ్యుంటుంది, గట్టి ఫోమ్‌తో చేస్తారు, లోపల గైరో ఉండి స్టిక్ వదిలేస్తే దానంతటదే సమంగా నిలబడుతుంది. డబ్బుకి ఇబ్బంది లేనివాళ్ళు, చేత్తో చేసుకునే ఓపిక లేనివాళ్ళు అదే కొనుక్కోవచ్చు. మీకైతే రెండు కారణాల వల్ల వద్దంటున్నా. ఒకటి బడ్జెట్ దాటుతోంది, దాటాక కూడా రెక్క విరిగితే అదే కంపెనీ రెక్క కావాలి, అది షాపులో లేకపోతే సెలవులన్నీ ఎదురుచూడ్డంతోనే అయిపోతాయి. రెండోది, పెట్టె మీద ఏం రాసుందో చూడాలి. ఆర్‌టీఎఫ్ అంటే రిమోట్, బ్యాటరీ, ఛార్జర్ మామూలుగా అన్నీ లోపలే ఉంటాయి. బీఎన్‌ఎఫ్ అంటే విమానంలో రిసీవర్ (రిమోట్ సిగ్నల్ అందుకునేది) ఉంటుంది, రిమోట్ మాత్రం మీరే తెచ్చుకోవాలి, అదీ ఆ రిసీవర్‌కి కలిసే రకం రిమోటే. స్పెక్ట్రమ్ కంపెనీ రిసీవర్ ఉన్న విమానం తెచ్చుకుని ఫ్లైస్కై కంపెనీ రిమోట్‌తో కలుపుదామంటే కలవదు, రెండూ 2.4 గిగాహెర్ట్జే అయినా సరే, ఒకదాని భాష ఇంకోదానికి రాదు. పీఎన్‌పీ అంటే మోటార్, సర్వోలు (ఎలివేటర్, రడ్డర్‌లని కదిలించే చిన్న మోటార్లు) బిగించి ఉంటాయి, రిసీవర్, బ్యాటరీ మనవి. ఏఆర్‌ఎఫ్ అని ఉంటే బాడీ, రెక్కలు కట్టి కవరింగ్ వేసి ఇస్తారు, లోపలి సామానంతా మనం కొని బిగించుకోవాలి, అది కూడా కొన్ని సాయంత్రాల పనే. "తక్కువకి ఇస్తున్నారు" అని సంబరపడి బీఎన్‌ఎఫ్ ఇంటికి తెచ్చుకుని పెట్టె తెరిచాక రిమోట్ ఏదీ అని వెతుక్కునేవాళ్ళు చాలామందే ఉంటారు, మీరు మాత్రం ముందే అడగండి.

ఇక బాల్సా కిట్. మీ సీనియర్ గారు ఇస్తానంటే రెండు చేతులా తీసుకోండి, ఇలాంటిది మళ్ళీ మళ్ళీ దొరకదు. బాల్సా చెక్క చాలావరకు ఈక్వడార్ నుంచి రావాలి, ఇక్కడ మంచి షీట్ రేటు చూస్తే గుండె గుభేలుమంటుంది. కానీ ఇప్పుడే కట్టకండి. బల్ల మీద ప్లాన్ పరిచి, దాని మీద ప్లాస్టిక్ కవర్ వేసి, ఒక్కో రిబ్‌ని (రెక్కకి ఆకారమిచ్చే పలచటి చెక్క ముక్కని) పిన్నులతో నిలబెట్టి, చుక్క చుక్కగా గ్లూ వేసుకుంటూ పోవాలి, బల్ల కొంచెం వంకరగా ఉన్నా రెక్క మెలి తిరిగిపోతుంది, మెలి తిరిగిన రెక్కతో విమానం జన్మలో తిన్నగా పోదు. ఆ తర్వాత సాండ్‌పేపర్ పట్టాలి, ఇస్త్రీ చేసినట్టు ఫిల్మ్ అంటించాలి. అంత ప్రాణం పెట్టి చేసింది ఎగరడం రాని చేతుల్లో మొదటి రోజే ముక్కలైతే తండ్రీకొడుకులిద్దరికీ మనసు విరిగిపోతుంది. పాత కిట్ అంటున్నారు కాబట్టి ఇంకో మాట, అది పాత రోజుల్లోని గ్లో ఇంజిన్ (మిథనాల్ కలిపిన ఇంధనంతో నడిచే చిన్న ఇంజిన్) కోసం గీసిన డిజైన్ అయ్యుండొచ్చు, దానికి ఎలక్ట్రిక్ మోటార్ పెట్టాలంటే ముక్కు దగ్గర మార్పులు చేయాలి, బ్యాటరీకి చోటు వెతకాలి, బరువు లెక్క మళ్ళీ చూసుకోవాలి. పెట్టెని బీరువా మీద బోర్లా కాకుండా, పైన బరువేం పెట్టకుండా, తడి తగలని చోట ఉంచండి. వాడు ఫోమ్ విమానాన్ని సొంతంగా ఎగరేసి తను అనుకున్న చోట దించగలిగినప్పుడు ఆ పెట్టె తెరవండి. ఇంకో పని కూడా చేయండి, ఆ సీనియర్ గారిని ఒక ఆదివారం ఇంటికి భోజనానికి పిలవండి. కిట్ అంతకాలం దాచుకున్న మనిషికి చెప్పడానికి చాలా ఉంటుంది.

ఇప్పుడు నాలుగోది. డబ్బు ఎక్కడ పెట్టాలో ముందు చెప్తా. విమానం ఎప్పుడైనా పోయేదే, రేడియో (అంటే చేతిలో పట్టుకునే రిమోట్), ఛార్జర్ మాత్రం ఏళ్ళ తరబడి ఉంటాయి, అందుకని ఎక్కువ డబ్బు వాటికే పోవాలి. ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 అని ఆరు ఛానెళ్ళ (అంటే ఆరు పనుల్ని విడివిడిగా నడపగలిగే) రేడియో, రిసీవర్‌తో కలిపి నాలుగైదు వేల చుట్టూ ఉంటుంది, ఇక్కడ నేర్చుకునేవాళ్ళలో చాలామంది చేతుల్లో అదే కనిపిస్తుంది కాబట్టి డౌట్ వస్తే చెప్పేవాళ్ళు దొరుకుతారు. మోడ్ 2 అడిగి తీసుకోండి, అంటే థ్రాటిల్ (మోటార్ స్పీడు పెంచి తగ్గించేది) ఎడమచేతి స్టిక్ మీద ఉంటుంది. తర్వాత బ్యాలెన్స్ ఛార్జర్ (బ్యాటరీలోని సెల్స్ అన్నిటినీ సమంగా నింపేది), 3ఎస్ (మూడు సెల్స్ ఉన్న) 2200 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు రెండు, 2212 సైజు బ్రష్‌లెస్ మోటార్ 1000 కేవీది (కేవీ అంటే ఒక్కో వోల్టుకి మోటార్ నిమిషానికి తిరిగే చుట్లు), 30 ఆంప్స్ ఈఎస్‌సీ (మోటార్ స్పీడుని అదుపుచేసే సర్క్యూట్), 9 గ్రాముల సర్వోలు ఒకటి రెండు ఎక్కువే, 10 అంగుళాల ప్రొపెల్లర్లు అరడజను. మిగతావాటిలో ఎక్కడైనా పొదుపు చేయండి కానీ ప్రొపెల్లర్లు మాత్రం ఎక్కువ కొనండి, మొదట విరిగేవి అవే. రేట్లు అటూ ఇటూ అవుతుంటాయి, అయినా అన్నీ కలిపి 13,000 దగ్గర తేలాలి. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డుకి మీవాడిని వెంటబెట్టుకుని వెళ్ళండి, ఆ సందుల్లో మోటార్లు, వైర్లు, కనెక్టర్లు చూస్తూ తిరగడమే వాడికి ఒక పండగ. అక్కడ దొరకనివి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు.

బాడీకి 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు, రెండువైపులా పేపర్ అంటించి ఉండేది, పిల్లల స్కూల్ ప్రాజెక్టులకి వాడతారే అదే, తూకంలో తేలిగ్గా ఉన్నది ఏరుకోండి. సన్‌బోర్డు ఇస్తే వద్దనండి, అది బరువు. రెక్క పైన ఉండే సింపుల్ ట్రైనర్ ప్లాన్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, మీటరు పైచిలుకు రెక్క ఉన్నది, రెక్కలు రెండూ కొంచెం పైకి వంగి ఉండేది, అంటే డైహెడ్రల్ ఉన్నది తీసుకోండి. మొదటిదానికి మూడు ఛానెళ్ళు చాలు, థ్రాటిల్, ఎలివేటర్, రడ్డర్. డైహెడ్రల్ ఉంటే రడ్డర్ తిప్పగానే విమానం దానంతటదే ఒరిగి తిరుగుతుంది, స్టిక్ వదిలితే సర్దుకుంటుంది, గైరో చేసే పనిలో సగం ఆ వంపే చేసిపెడుతుంది.

కోయడం గురించి ఒక్కటి వివరంగా చెప్తా, ఎందుకంటే అది చేతికి వస్తే మిగతాదంతా అర్థమైపోతుంది. ఎలివేటర్ కదలాలి కదా, దానికి కీలు కొనక్కర్లేదు. గీత గీసిన చోట పై పేపర్నీ, మధ్యలో ఫోమ్‌నీ మాత్రమే కొత్త బ్లేడుతో కోయాలి, కింది పేపర్ తెగకూడదు. తర్వాత ఎలివేటర్ వైపు ఫోమ్ అంచుని ఏటవాలుగా, 45 డిగ్రీల్లో చెక్కేయాలి, అప్పుడు అది రెండువైపులా మడుచుకుంటుంది, ఆ కింది పేపరే కీలు. దాని మీద ఒక వరస టేప్ వేస్తే చాలాకాలం వస్తుంది. బ్లేడు మొద్దుబారితే ఫోమ్ చిరుగుతుంది కాబట్టి తరచూ మార్చండి, కోసేటప్పుడు వాడి ఎడమచేతి వేళ్ళు ఎక్కడున్నాయో చూస్తూ ఉండండి. అతికించడానికి హాట్ గ్లూ గన్. రెక్కని మాత్రం బాడీకి అతికించేయకండి, బాడీలోంచి అడ్డంగా రెండు వెదురు పుల్లలు దూర్చి వాటికి రబ్బరు బ్యాండ్లతో కట్టండి. దెబ్బ తగిలినప్పుడు రెక్క విరగకుండా ఊడి పక్కన పడుతుంది, బ్యాండ్లు మళ్ళీ తగిలించుకుని పది నిమిషాల్లో ఎగరేయొచ్చు. పొట్ట కింద బ్రౌన్ టేప్ వేయండి, పొద్దున గడ్డి మీద మంచుకి పేపర్ తడిసి ఊడకుండా ఉంటుంది. ఇక కెమెరాలు, లైట్లు, గంపెడు స్టిక్కర్లు వద్దు. మీ ఊరివైపు నేల సముద్రమట్టానికి బాగా ఎత్తు, గాలి సముద్రతీరంలో కంటే పలచన, ఎండలో ఇంకా పలచన. రెక్కని మోసేది ఆ గాలే, ప్రొపెల్లర్ వెనక్కి తోసేదీ ఆ గాలినే కాబట్టి ప్రతి గ్రామూ లెక్కే, మొత్తం 700, 800 గ్రాముల్లో ఉంచండి.

అంతా బిగించాక బ్యాలెన్స్. రెక్క ముందంచు నుంచి వెడల్పులో పావు వంతు దగ్గర నుంచి 30 శాతం లోపల గుర్తు పెట్టండి, 18 సెంటీమీటర్ల రెక్కయితే నాలుగున్నర, ఐదు సెంటీమీటర్ల దగ్గర. బ్యాటరీ పెట్టి, ఆ గుర్తుల కింద రెండు చూపుడువేళ్ళు పెట్టి పైకి లేపండి, ముక్కు కొంచెం కిందికి వాలాలి. తోక వాలితే బ్యాటరీ ముందుకి జరపండి, అలాగే ఎగరేద్దాంలే అనుకోవద్దు, తోక బరువైతే చెయ్యి వదిలిన క్షణంలోనే ముక్కు పైకెత్తి పడిపోతుంది. చిన్నపాప పని ఇక్కడ పడుతుంది. మిగిలిన ఫోమ్ ముక్కతో తనకి చేత్తో విసిరే గ్లైడర్ ఒకటి కోసివ్వండి, ముక్కుకి రూపాయి బిళ్ళ టేప్‌తో అంటించి ముందుకీ వెనక్కీ జరుపుతూ విసరమనండి. బిళ్ళ ఎక్కడుంటే గ్లైడర్ దూరం పోతుందో తనే కనిపెడుతుంది, పక్కన నిలబడి చూసిన అన్నకి బ్యాలెన్స్ పాఠం మళ్ళీ చెప్పక్కర్లేదు. రేడియో ముట్టుకోనివ్వలేదని ఏడవకుండా తనకీ ఒక విమానం ఉంటుంది.

విమానం తయారవుతుండగానే వాడిని సిమ్యులేటర్ మీద, అంటే కంప్యూటర్‌లో విమానం ఎగరేసే ప్రోగ్రామ్ మీద కూర్చోబెట్టండి. పికాసిమ్ అనేది ఉచితం. ఎఫ్‌ఎస్-ఐ6ని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలపొచ్చు, అదే స్టిక్కుల మీద చెయ్యి అలవాటవుతుంది. అందరికీ తిప్పలు పెట్టేది ఒక్కటే, విమానం మనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. దానికి ఒక ఉపాయం, ఎదురుగా వచ్చేటప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో స్టిక్‌ని ఆ వైపుకే తొయ్యాలి, పడిపోతున్న రెక్క కింద కర్ర ఊతం పెట్టినట్టు. అది ఆలోచించకుండా చేతికి వచ్చేదాకా సిమ్యులేటర్ మీదే ఉండనివ్వండి, అక్కడ ఎన్ని విరిగినా పైసా ఖర్చు లేదు.

ఎగరేసే చోటు మీ ఊరి పొలమే, అపార్ట్‌మెంట్ ఖాళీ స్థలంలో మాత్రం వద్దు. మీరుండేది వైట్‌ఫీల్డ్, హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్టు ఎంతో దూరం లేదు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం నడుస్తున్న ఎయిర్‌పోర్టు హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా ఏదీ ఎగరేయకూడదు, 8 నుంచి 12 మధ్యలో 200 అడుగుల దాకానే, అది దాటాక మామూలు చోట్ల 400 అడుగుల దాకా. రెండు కిలోల లోపుది, సరదాకి ఎగరేసేది కాబట్టి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అడగరు కానీ చోటు రూల్ మనకీ వర్తిస్తుంది. ఎక్కడ ఎగరేయొచ్చో రంగుల్లో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ ఊరు ఏ రంగులో ఉందో వెళ్ళేముందే చూసుకోండి. జక్కూరు, యలహంక వైపు ఫ్రెండ్స్ పిలిచినా ఇదే మాట, అటు పైలట్ ట్రైనింగ్ విమానాలూ ఎయిర్‌ఫోర్స్ విమానాలూ తిరుగుతుంటాయి.

మేలో వేరుశనగ ఇంకా వేసుండరు కాబట్టి చేను ఖాళీ, మెత్తటి దుక్కి అయితే ఇంకా మంచిది, పడినా దెబ్బ తక్కువ. తెల్లారి ఆరింటికి పోండి, ఎనిమిదికల్లా వచ్చేయండి, ఎండెక్కితే సుడిగాలులు లేస్తాయి. సెలవులు జూన్‌లోకి పోతే గాలి బాగా పెరుగుతుంది, రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలి చూసే, అప్పుడు కొత్తవాళ్ళు ఆగడమే మంచిది. బోరు మోటార్లకి పోయే కరెంటు తీగలు ఎటు ఉన్నాయో ముందు నడిచి చూసుకుని, వాటికి వీపు పెట్టి నిలబడి ఎగరేయండి. ఒకవేళ తీగల మీద చిక్కుకుంటే దాన్ని వదిలేయండి, కర్రతో లాగడం, రాయి విసరడం వద్దు, లైన్‌మన్‌కి చెప్పండి. వెయ్యి రూపాయల ఫోమ్ కోసం ఎవరూ తీగ జోలికి పోకూడదు, ఇది ఊళ్ళో మీతో వచ్చే పిల్లలందరికీ గట్టిగా చెప్పండి.

విసిరేది మీరు, రేడియో వాడి చేతిలో. ముందు రేడియో ఆన్ చేయాలి, తర్వాత బ్యాటరీ పెట్టాలి, ఆపేటప్పుడు ముందు బ్యాటరీ తీయాలి. ఎలివేటర్, రడ్డర్ సరైన వైపే కదులుతున్నాయా అని ప్రతిసారీ చూడాలి. సిగ్నల్ పోతే మోటార్ ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ ఇంట్లోనే పెట్టుకోండి, ఇంట్లో టెస్ట్ చేసేటప్పుడు ప్రొపెల్లర్ తీసేసి చేయండి, 10 అంగుళాల ప్రొపెల్లర్ వేలిని ఎముక దాకా కోసేస్తుంది. గాలికి ఎదురుగా నిలబడి, థ్రాటిల్ ముప్పావు వంతు పెట్టి, పైకి కాకుండా తిన్నగా ముందుకి విసరండి. మూడు కొబ్బరిచెట్ల ఎత్తు వచ్చేదాకా ఏ విన్యాసాలూ వద్దు, అంత ఎత్తుంటే తప్పు దిద్దుకునే టైం ఉంటుంది.

బ్యాటరీ గురించి మీరు అడగలేదు కానీ నేను చెప్పకుండా ఉండలేను. లైపో సెల్ ఒక్కోటి నిండితే 4.2 వోల్టులు, వాడుకున్నాక 3.5 దగ్గర ఆపేయండి, 3 కిందికి పోతే ఇక చచ్చినట్టే. 2200 బ్యాటరీని 2.2 ఆంప్స్ మీదే ఛార్జ్ చేయాలి, బ్యాలెన్స్ వైరు పెట్టి, టైల్స్ నేల మీద, పరుపులకీ కర్టెన్లకీ దూరంగా, మీరు ఎదురుగా ఉండి. రాత్రి పెట్టి పడుకోవడం వద్దు. ఉబ్బినదాన్ని మళ్ళీ ఛార్జ్ చేయొద్దు. వారం పైన వాడకపోతే సెల్‌కి 3.8 దగ్గర స్టోరేజ్ మోడ్‌లో పెట్టండి, మే ఎండలో కారులో మాత్రం వదలకండి. ఊళ్ళో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి ఛార్జర్ కొనేటప్పుడే 12 వోల్టుల డీసీ ఇన్‌పుట్ ఉన్నది చూసి, దాంతోపాటు క్లిప్పుల వైరు కూడా అడగండి, కారు బ్యాటరీకి తగిలించి పొలం గట్టు మీదే ఛార్జ్ చేసుకోవచ్చు, ఒకటి ఛార్జ్ అయ్యేలోపు ఇంకోటి ఎగురుతుంటుంది.